పేరినట్టు రాసిన పాలు

నలభై నాలుగో ఏట నాకు అక్షరాలు వచ్చాయి. నలభై ఆరో ఏట వాటితో అబద్ధం రాశాను. రాసింది ఒక్కటే మాట, "పేరింది" అని. దాన్ని ఎన్నిసార్లు నిజంగా రాశానో, ఎన్నిసార్లు అబద్ధంగా రాశానో తర్వాత నాకే తెలియలేదు.

మా చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక కుర్చీలు ఒక పక్కకు జరిపి పాస్టరమ్మ మాకు చదువు చెప్పేది. పదిమంది దాకా ఆడవాళ్లం ఉండేవాళ్లం. అందరం నల్లగొండ వైపు ఊళ్ల నుంచి వచ్చి ఎల్బీనగర్ చుట్టుపక్కల ఇళ్లలో, హాస్టళ్లలో పని చేసుకునేవాళ్లమే. నాకు ప, వ తేడా తెలియడానికి ఆరు నెలలు పట్టింది. మూడో ఏడు వచ్చేసరికి బస్సు మీద ఊరి పేరు, మందుల చీటీ మీద పేరు, బైబిలులో చిన్న వాక్యాలు చదవగలిగాను. రాయడం మాత్రం చదవడం కంటే ఎక్కువ ఇష్టంగా ఉండేది. గీతల పుస్తకంలో ఒకే మాట పేజీ నిండా రాసి, పేజీని దూరంగా పట్టుకుని చూసుకునేదాన్ని.

అందుకే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడమ్‌కు ల్యాబులో గాజు సామాను కడిగే మనిషి కావాలని, కొంచెం రాయడం వస్తే ఇంకా మంచిదని తెలిసినప్పుడు పాస్టరమ్మ నా పేరు చెప్పింది.

ల్యాబంటే రెండు గదులు. బస్ డిపో వెనక సందులో, ఆడపిల్లల హాస్టలు పైన. పొద్దున కింది నుంచి సాంబారు వాసన వస్తుండేది. మేడమ్ కోస్తా వైపు మనిషి. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా మాట మాత్రం మారలేదు. పొద్దున పది నుంచి రెండు దాకా దగ్గర్లోని కోచింగ్ సెంటరులో జీవశాస్త్రం చెప్పి, తర్వాత చీకటి పడేదాకా ల్యాబులో ఉండేవారు. కంచెల మీద పాకే ఒక తీగ కాయల గింజల నుంచి ఆమె ఒక ప్రొటీన్‌ను విడదీశారు. ప్రొటీనంటే గుడ్డులో, పప్పులో ఉండేదేనని నేననుకున్నాను. ప్రొటీన్లు లెక్కలేనన్ని రకాలని, ఇది ఇంతవరకు ఎవరూ గుర్తించని రకమని చెప్పి, వేలంత సీసాలో అడుగున అంటుకున్న తెల్లటి పొడి చూపించారు. చిటికెడు కూడా లేదు.

"గిది ఏం జేస్తది మేడమ్?" అని అడిగాను.

ఆమె నవ్వారు. "పేటెంట్ ఆఫీసు వాళ్లూ అదే అడుగుతారమ్మా. కొత్తది దొరికిందంటే చాలదు, దేనికి పనికొస్తుందో చేసి చూపించాలి."

ఆమెకు తెలిసినంతలో అది పాలను పేరబెడుతుంది. మజ్జిగ తోడు లేకుండా, నిమ్మరసం పిండకుండా, రెండు చుక్కలు వేస్తే పాలు జున్నులా ఒకే ముద్దగా గట్టిపడతాయి. పనీరు, చీజు చేసేవాళ్లకు అలాంటిది కావాలట. కానీ ఒకసారి చేసి చూపితే లెక్కలోకి రాదు. రకరకాల పాలతో, రకరకాల వేడితో, మళ్లీ మళ్లీ చేసి ప్రతిసారీ ఏమైందో రాసిపెట్టాలి. ఆ రాసిపెట్టే పని నాకిచ్చారు.

పొద్దున మేడమ్ ట్యూబుల్లో పాలు పోసి, ఒక్కో ట్యూబుకు నంబరు వేసి, వేడినీళ్ల డబ్బాలో నిలబెట్టి వెళ్లేవారు. ఏ నంబరులో ఏ పాలున్నాయో, వేడి ఎంతో ఆమె తన పుస్తకంలో రాసుకునేవారు. అది నాకు తెలియదు, తెలియకపోవడమే మంచిదనేవారు. నేను ప్రతి ట్యూబులో ఆ ప్రొటీన్ కలిపిన మందు రెండు చుక్కలు వేసి, గడియారం చూసి అరగంటకు బయటికి తీసి, వంచి చూడాలి. జారకుండా గట్టిగా నిలిస్తే నంబరు పక్కన "పేరింది" అని రాయాలి. గింజలు గింజలుగా విడిపోతే "విరిగింది" అని రాయాలి. తర్వాత పారబోసి కడిగేయాలి. ఆ రెండు మాటలూ మేడమ్ రిజిస్టరు మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాసిచ్చారు. పాలు పేరాయి అనాలి కదా అని నేనంటే, ఒక్కో ట్యూబుకు ఒక్కో మాట కనుక పేరింది అంటే చాలని చెప్పి, నా తెలుగుకు మురిసిపోయారు.

మొదటి వారమంతా అన్నీ పేరాయి. పేజీ నిండా ఒకే మాట, నా చేతిరాతలో. పాస్టరమ్మ దగ్గర రాసిన పేజీల కంటే బాగుంది.

రెండో వారం ఒకరోజు పద్నాలుగో నంబరు ట్యూబు తీసి వంచితే లోపల పాలు ముక్కలు ముక్కలై, పచ్చటి నీళ్లు పైకి తేలాయి. పక్క ట్యూబు చూశాను. అదీ అంతే.

నేను ఇరవై ఏళ్లు ఇళ్లలో పనిచేశాను. ముందు మలక్‌పేటలో రెండిళ్లు, తర్వాత వనస్థలిపురంలో నాలుగిళ్లు. ఏ ఇంట్లోనైనా పొద్దున పొయ్యి మీద పాలు పలిగితే ముందు పిలిచేది గిన్నె తోమిన మనిషినే. మా వైపు పాలు విరగడం అనం, పలగడం అంటాం. గిన్నెకు సబ్బు ఉంచావనో, పులుపు పోకుండా తోమావనో అనేవాళ్లు. ఎండాకాలం పాకెట్టు పాలు వాటంతటవే పలిగినా నన్నే అనేవాళ్లు. ఒకామె పలిగిన పాలగిన్నె తెచ్చి నా ముందు పెట్టి, వాసన చూడమంది. నేను చూశాను. ఆరోజు టీ ఇవ్వలేదు. అవన్నీ మరిచిపోయాననుకున్నాను గానీ, ట్యూబు చేతిలో ఉండగా నా ఒళ్లు మాత్రం వాటిని మరిచిపోలేదని తెలిసింది.

ట్యూబులు కడిగేది నేనే. "విరిగింది" అన్న మాట నా కడుగుడులో తప్పు రాసుకోవడానికే మేడమ్ పెట్టారనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ప్రొటీన్ గురించి, పేటెంట్ గురించి అన్ని సంగతులు విన్నా, పాలు విరగడం కూడా ఆ ప్రొటీన్ చెప్పే జవాబేనన్న ఆలోచన నాకు రాలేదు. రెండు ట్యూబులనూ గబగబా సింకులో పారబోసి, నీళ్లు వదిలి, రెండు నంబర్ల పక్కనా "పేరింది" అని రాశాను.

ఆ రోజు నుంచి ట్యూబులను మూడుసార్లు కడిగాను. సోడా వేసి మరగబెట్టాను. కింద హాస్టలు వంటామెను అడిగి చింతపండు తెచ్చి రుద్దాను. అయినా విరుగుతూనే ఉండేవి. విరిగినప్పుడల్లా పారబోసి, పేరింది అని రాసేదాన్ని. తలుపు వైపు చూసి పారబోయడం మొదటి నాలుగు రోజులే. తర్వాత అది కూడా పోయింది.

మేడమ్ నన్ను అనుమానించలేదు. ఒకసారి మాత్రం తన ముందే మూడు ట్యూబులు చేయమన్నారు. ఆ మూడూ పేరాయి. ఆమె సంతోషంగా కోచింగ్ సెంటరులో తోటివాళ్లను తీసుకొచ్చి, మా రిజిస్టరు ఈమే రాస్తుందని, నలభై దాటాక చదువు నేర్చుకుందని చూపించారు. వాళ్లు పేజీలు తిప్పుతుంటే నేను లోపలి గదిలోకి వెళ్లి, కడిగిన సామానే మళ్లీ కడిగాను.

పేటెంటుకు దరఖాస్తు వెళ్లింది. చాలాకాలానికి పేటెంట్ ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. మేడమ్ ఆ కాగితాలతో, నా రిజిస్టరుతో, నాతో కలిసి ఎల్బీనగర్ వెళ్లారు. చౌరస్తా దగ్గర, జిరాక్సు షాపు పైన, పేటెంట్ కాగితాలు చూసే ఏజెంటు సారు ఆఫీసు ఉంది. పెద్దాయన, మాట మా వైపు మాటే. నాకు కూడా కుర్చీ చూపించారు.

దరఖాస్తులో మేడమ్ ఆ ప్రొటీన్ చాలా పనులకు వస్తుందని రాశారట. పనీరుకు, పశువుల దాణాకు, పుండ్లు మానే మందుకు, ముఖానికి రాసుకునే క్రీముకు. ఆఫీసు వాళ్లు అడిగింది ఒకటే. ఇలాంటి ప్రొటీన్ ఒకటి ఉందన్నారు, బాగానే ఉంది, అది ఈ పనులు చేస్తుందని మీరు చూపింది ఎక్కడ?

సారు పెన్నుతో ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోయారు. "మందు అన్నరు. ఎవలికన్న పెట్టి చూసిన్రా? లేదు. దాణా? లేదు. రేపో ఎల్లుండో దేనికో ఒకదానికి పనికొస్తది అంటే నడవది మేడమ్. ఉన్నదాన్ని ఉన్నదని చెప్తే హక్కియ్యరు. గీ పాల సంగతి ఒక్కటే మన చేతుల ఉంది."

అంటే నా రిజిస్టరు. ఆయన కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పారు. ఒక పేజీ, మరో పేజీ. తర్వాత వెనక్కి తిప్పారు.

"ఒక్కటి గూడ విరగలేదా?"

"పాలు ఏవైనా, వేడి ఎంతైనా పేరుతోందండీ. అదే దీని గొప్ప," అన్నారు మేడమ్. నా వైపు తిరిగారు. "చెప్పమ్మా. ఒక్కటైనా విరిగిందా?"

"లేదు మేడమ్."

ఆమె చదువుకున్న మనిషి. నా నోటి మాట మీద నమ్మకంతో ఆయన వైపు చూసి తల ఊపారు. సారు నన్ను ఇంకాసేపు చూసి, ఇవన్నీ నిజమని మేడమ్ అఫిడవిట్ ఇవ్వాలని, వచ్చే గురువారం సంతకానికి రమ్మని చెప్పారు. జవాబుకు గడువు ఇంకా రెండు నెలల పైన ఉందన్నారు.

ఆ ఆదివారం పాస్టరమ్మకు చెబుదామనే ముందుగా వెళ్లాను. ఆడవాళ్లు అప్పటికే కూర్చుని ఉన్నారు.

"జర జరుగున్రి, సైంటిస్టు అక్క ఒచ్చింది," అని ఒకామె చాప దులిపింది.

"మనతోటి కూసుంటదా ఏంది? కుర్చీ ఎయ్యిన్రి," అంది ఇంకొకామె.

అందరూ నవ్వారు. వాళ్ల నవ్వులో ఎగతాళి కంటే గొప్పే ఎక్కువ ఉంది. పాస్టరమ్మ నన్ను లేపి, నేను ల్యాబులో ఏం రాస్తానో బోర్డు మీద రాసి చూపించమంది. కొత్తగా చేరిన వాళ్లకు ధైర్యం వస్తుందంది. సుద్దముక్క పట్టుకుని "పేరింది" అని రాశాను. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. వాళ్లంతా దాన్ని చూసి తమ పలకల మీద రాసుకున్నారు. చెప్పాలనుకున్నది చెప్పకుండా ఇంటికి వచ్చాను.

గురువారం మెట్రోలో నిలబడే వెళ్లాం. చైతన్యపురి దాటాక మేడమ్ తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

"అఫిడవిట్ అంటే నాకెందుకో భయంగానే ఉంది. అందులో అబద్ధం ఉంటే శిక్ష వేస్తారట. మనకేంలే, నీ రిజిస్టరు ఉంది."

సంతకం పెట్టేది ఆమె. శిక్ష పడితే ఆమెకే పడుతుంది. ఎల్బీనగర్‌లో దిగి, జిరాక్సు షాపు పక్క మెట్లు సగం ఎక్కి ఆగాను. మెట్ల మీద కూర్చుండిపోయాను. కళ్లు తిరిగాయనుకుని ఆమె కూడా కిందికి దిగి వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"పలిగినయ్ మేడమ్," అన్నాను.

"ఏంటి?"

"పాలు. కొన్ని ట్యూబులల్ల పలిగినయ్. నేను పారబోసిన."

ఆమెకు పలగడమంటే అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక చేతిలోని రిజిస్టరు తెరిచారు.

"ఎన్ని?"

"తెల్వదు."

"పదా? వందా?"

"తెల్వదు మేడమ్. మస్తు."

"ఏ నంబర్లు?"

నంబర్లు ఒక్కటీ గుర్తులేవు. పద్నాలుగు మాత్రం గుర్తుంది. ఆ మాటే చెప్పాను. జిరాక్సుకు వచ్చినవాళ్లు మమ్మల్ని తప్పుకుని ఎక్కుతూ దిగుతూ ఉన్నారు.

"ఎందుకు?" అన్నారు.

"నేను సక్కగ కడగలేదనుకుంటరని."

"నేనెప్పుడైనా అన్నానా అలా?"

"మీరనలే."

"మరి?"

"అందరంటరు."

ఆమె పాఠం చెప్పే గొంతుతోనే, నా వైపు చూడకుండా చెప్పారు. "విరిగినవే నాక్కావాల్సిందమ్మా. ఎక్కడ పనిచేయదో తెలిస్తేనే ఎక్కడ పనిచేస్తుందో గట్టిగా చెప్పగలను. నువ్వు వాటినే పారబోశావు."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు తల వంచుకోవడం నాకు వచ్చు. ఇలా కూర్చోబెట్టి అర్థమయ్యేలా చెబితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పైకి వెళ్లి సారుకు ఆమే చెప్పారు. నా పేరు ఎత్తకుండా, "మా రిజిస్టరు సరిగ్గా లేదండీ, మళ్లీ చేస్తాం," అన్నారు. ఆయన నా వైపు ఒకసారి చూశారు. సిద్ధం చేసిన అఫిడవిట్‌ను నాలుగుగా చింపి బుట్టలో వేశారు.

మరుసటి రోజు నుంచి మేడమ్ కోచింగ్ సెంటరుకు సెలవు పెట్టి, ట్యూబులు తనే వంచి చూశారు, తనే రాశారు. కొత్త రిజిస్టరు తెరిచి ఆమె పైకి అనుకుంటూ రాస్తుంటే నేను సింకు దగ్గర నిలబడి వినేదాన్ని. విరిగింది. విరిగింది. పేరింది. విరిగింది. నేను కడిగిన ట్యూబులే. కొన్ని రోజులు ఆమె కొత్త ట్యూబులు కూడా తెప్పించి చూశారు, వాటిల్లోనూ అలాగే విరిగాయి. అప్పుడొక్కసారి తల తిప్పి, "చూశావా, నీ కడుగుడు కాదు," అన్నారు. ఆ మాట కోసం ఇరవై ఏళ్లు ఎదురుచూశాను. తీరా విన్నప్పుడు సంతోషించే ముఖం నాకు లేదు.

నెలన్నరకు తేలిందేమిటంటే, ఆ ప్రొటీన్ ఆవు పాలను గోరువెచ్చగా ఉన్నప్పుడు బాగా పేరబెడుతుంది. వేడి కాస్త పెరిగితే విరుస్తుంది. గేదె పాలను చాలాసార్లు విరుస్తుంది. మొదటి వారం పెట్టినవీ, మేడమ్ తన ముందు నాతో చేయించిన మూడు ట్యూబులూ గోరువెచ్చటి ఆవు పాలవేనట. బాలాపూర్ వైపు పనీరు తయారుచేసే ఒకాయన ఈ మందు మీద ఆశపెట్టుకుని రెండు మూడుసార్లు ల్యాబుకు వచ్చి వెళ్లాడు. ఆయన చేసేదంతా గేదె పాలతోనే. మేడమ్ ఫోనులో సంగతి చెప్పారు. అటు నుంచి ఏమన్నాడో గానీ, "మీరన్నది నిజమేనండీ, ముందే చెప్పాల్సింది," అని నాలుగైదుసార్లు అన్నారు. అంతకు ముందు ఎవరి దగ్గరా ఆమె అలా మాట్లాడటం నేను వినలేదు.

మళ్లీ ఎల్బీనగర్ వెళ్లాం. దరఖాస్తులో పనికొచ్చే చోట్లన్నీ కొట్టేయగా ఒక్కటే మిగిలింది. ఆవు పాలు, ఇంత వేడి నుంచి ఇంత వేడి వరకు. సారుకు అది తృప్తిగానే ఉంది. చిన్నదే గానీ చేసి చూపించింది, ఎవరు అడిగినా నిలబడుతుంది అన్నారు. అయితే పాత రిజిస్టరులోని ఫలితాలు కొన్ని మొదటి దరఖాస్తులో ఉన్నాయి. అవి ఎందుకు తప్పో చెప్పుకోవాలి. మేడమ్ అఫిడవిట్‌తో పాటు, రాసిన మనిషి అఫిడవిట్ కూడా ఉంటే మంచిదట.

నా వైపు చూసి ఆయన గొంతు తగ్గించారు. మంచి మనిషి. నాకు సిగ్గు కాకుండా చూడాలనే అనుకున్నారు.

"ఏం లేదమ్మా. సదువు రాని మనిషి, ఏది రాయాల్నో తెల్వక ఒకటే మాట రాసుకుంట పోయింది అని పెడ్త. వేలిముద్ర ఎయ్యి. ఎవ్వరేమనరు."

మేడమ్ కిటికీ వైపు చూస్తూ ఉన్నారు. ఇంకుప్యాడు బల్ల మీదే ఉంది, మూత తీసి. వేలు పెడితే అయిపోతుంది. నలభై నాలుగేళ్ల దాకా పెట్టిన వేలే.

"అట్ల రాయకున్రి సార్," అన్నాను. "సదువొచ్చే రాసిన."

"మరి ఏమని రాయాలె?"

చెప్పాను. ఆయన తెలుగులో రాసి, ఇంగ్లీషులోకి మార్చి, టైపు చేయించి, తెలుగు కాగితం నా చేతికిచ్చి చదువుకోమన్నారు. వేలు పెట్టుకుని చదివాను. ట్యూబులు సరిగా కడగలేదని అనుకుంటారన్న భయంతో విరిగిన పాలను పారబోసి, పేరినట్టు రాశాను. రెండు మాటలకూ అర్థం నాకు తెలుసు. ఇది మేడమ్‌కు తెలియకుండా చేశాను. అంతవరకు నేను చదివిన కాగితాల్లో నా గురించి రాసింది అదే మొదటిది.

ఇంగ్లీషువి, తెలుగువి కలిపి మూడు పేజీలయ్యాయి. ప్రతి పేజీ కింద సంతకం పెట్టమన్నారు. మొదటి పేజీలో నా పేరు వంకరపోయి గీత దాటింది. రెండో పేజీలో కొంచెం నయం. మూడో పేజీకి వచ్చేసరికి చేయి కుదిరి, అక్షరాలు గుండ్రంగా, బోర్డు మీద రాసినట్టే వచ్చాయి. అలాంటి కాగితం మీద అంత బాగా రాసినందుకు నాకు మళ్లీ సిగ్గేసింది. పెన్ను మూత పెట్టి మేడమ్‌కు ఇచ్చాను. ఆమె తన కాగితం మీద సంతకం చేసుకున్నారు.